పండగ ప్రయాణికులారా, దారి తిండితో జాగ్రత్త!

సంక్రాంతికి ముందు నాలుగు రోజులు హైదరాబాద్–విజయవాడ రహదారి ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పంతంగి టోల్‌గేటు దాటేసరికే తల ప్రాణం తోకకొస్తుంది. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, ఎక్కడ ఆగినా హోటళ్ల ముందు కార్ల బారులే. ఆ రద్దీలో మన ప్లేట్లోకి వచ్చే తిండి గురించే ఈ హెచ్చరిక.

చల్లారిపోయిన సాంబారు, సాగదీస్తే తప్ప తెగని పూరీ, రంగు తప్ప మసాలా లేని బిర్యానీ. డబ్బులిచ్చి ఇవన్నీ తిని, ‘దార్లో తిండి ఇంతేలే’ అని సర్దుకుపోవడం మనకు అలవాటైంది. ఇక సర్దుకుపోవద్దు. రుచి లేకపోవడం ఒక్కటే అయితే ఇంత గొంతు చించుకునే పని లేదు. దారి హోటల్లో రుచి తేడా కొట్టిందంటే పదార్థం నిలవదో చెడిందో అయ్యుండొచ్చు.

మీ వీధి చివర టిఫిన్ సెంటర్లో చట్నీ పులిస్తే మర్నాడు మీరు వెళ్లరు. ఆ భయం అతనికుంది. హైవే హోటల్‌కి ఆ భయం లేదు. ఇవాళ తిట్టుకుంటూ లేచినవారు మళ్లీ వచ్చేది ఏ ఉగాదికో. ఈలోగా వేరే బండ్లు వస్తూనే ఉంటాయి. బస్సు ఆగింది కదా, మంచి హోటలే అయ్యుంటుందనుకోవడం ఇంకో పొరపాటు. డ్రైవరుకు ఉచిత భోజనం, పైన కాస్త కమీషన్ ముట్టే చోట బస్సులు ఆగుతాయని రోజూ తిరిగేవాళ్లందరికీ తెలుసు. బయట నియాన్ లైట్లు, పిల్లలకు ఉయ్యాలలు, లోపల వంటింట్లో బొద్దింకలు. పైన పటారం, లోన లొటారం.

అన్నిటికన్నా ఎక్కువ జాగ్రత్త పడాల్సింది మధ్యాహ్నం మూడు దాటాక వచ్చే ఫ్రైడ్ రైస్ దగ్గర. పొద్దున పదింటికి వండిన అన్నం పెద్ద బేసిన్‌లో గుట్టగా పోసి ఉంటుంది. ఆర్డర్ రాగానే రెండు గరిటెలు తీసి మూకుడులో వేస్తారు, సాస్ పోస్తారు, మంట ఎగసిపడుతుంది. పొగలు కక్కుతూ ప్లేటు వస్తుంది కాబట్టి తాజాగా చేశారనుకుంటాం. బాసిల్లస్ సీరియస్ అనే సూక్ష్మజీవి బీజాలు అన్నం ఉడికినా చావవు. గోరువెచ్చగా గంటల తరబడి ఉంచిన అన్నంలో అవి మొలకెత్తి విషం తయారు చేస్తాయి. ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదు. తిన్న గంట నుంచి ఆరు గంటల్లోపు వాంతులు మొదలవుతాయి. అంటే సరిగ్గా మీరు బండి నడుపుతున్నప్పుడు. చద్దన్నం తిన్న జాతి మనది, ఇందులో భయమేముంది అనొచ్చు. చద్దన్నాన్ని మజ్జిగ పోసి పులియబెడతాం, ఆ పులుపు దానికి కాపలా. బేసిన్‌లో అన్నానికి ఏ కాపలా లేదు.

సూత్రం చిన్నదే: వండిన పదార్థం 60 డిగ్రీల పైన వేడిగానో, 5 డిగ్రీల లోపు చల్లగానో ఉండాలి. మధ్యలో ఉంటే సూక్ష్మజీవులకు పండగ. బకెట్లోని కొబ్బరి చట్నీ ఆ మధ్యలోనే ఉంటుంది. తెల్లవారుజామున రుబ్బింది పదకొండింటికి పుల్లటి వాసన వేస్తుంది, అంచున సన్నటి బుడగలు కనిపిస్తాయి. కాసిని నీళ్లు, కొత్త తాలింపు పడగానే మళ్లీ తాజా అయిపోతుంది. నూనె సంగతి సరేసరి. కాగిన కొద్దీ నూనెలో పోలార్ సమ్మేళనాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై 1 నుంచి నిబంధన ఉంది. మీ దగ్గర కొలిచే పరికరం ఉండదు కానీ, నల్లబడి నురగలు కక్కుతున్న బాణలి కంటికి కనిపిస్తుంది. ఇక పచ్చిగుడ్డు మయొనీజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబర్ 30న ఏడాది పాటు నిషేధించింది. గడువు సంగతి ఎలా ఉన్నా, ఎండలో నిలబడ్డ షవర్మా బండి దగ్గర దాని జోలికి పోకపోవడమే మంచిది.

మరి ఏం తినాలి? నూటయాభై రకాలున్న మెనూ కార్డు చూసి మురిసిపోకండి; అన్ని రకాలూ తాజాగా వండడం ఏ వంటవాడికీ సాధ్యం కాదు. పప్పు, కూర, రసం, పెరుగు అంతే పెట్టే చిన్న మెస్సు, పన్నెండు నుంచి ఒంటిగంట మధ్య, ఎంతో నయం. ఆలస్యమైతే కళ్లెదుట పెనం మీద పోసిన దోసె, ఆవిరి మీదున్న ఇడ్లీ అడగండి, చట్నీ బదులు కారప్పొడి. మన పెద్దవాళ్లు ప్రయాణానికి పులిహోర కట్టుకెళ్లింది ఊరికే కాదు, చింతపండు పులుపులో అన్నం త్వరగా పాడవదు. వాసన తేడాగా ఉంటే ప్లేటు వెనక్కి పంపండి. పక్కవాళ్లు చూస్తారని మొహమాటపడితే ఆ రాత్రి బాధపడేది మీ పిల్లలే.

వాంతులు, విరేచనాలు మొదలైతే మందుల షాపులో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం చేసిన ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్ అడిగి తీసుకోండి. ఓఆర్ఎస్ పేరు తగిలించుకున్న తీపి పానీయాలు దానికి బదులు కావు. ఆ పేరు వాడకూడదని ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబర్‌లో ఆదేశించింది. రక్తం పడినా, చిన్నపిల్లలు నీరసించి మూత్రం పోయకపోయినా పండగ ఊరు చేరేదాకా ఆగొద్దు. దారిలో మొదట కనిపించిన ఆసుపత్రి ముందు ఆపండి.

రెండు రాష్ట్రాల ఆహార భద్రత అధికారులకూ ఒక మాట. పండగ అయ్యాక చేసే తనిఖీలు ఎవరికి? నమూనాలు అక్కడికక్కడే పరీక్షించే సంచార వాహనాలను ఈ వారమే టోల్‌గేట్ల దగ్గర నిలపండి. మధ్యాహ్నం మూడింటికి, అర్ధరాత్రి బస్సులు ఆగే వేళకి వంటిళ్లలోకి వెళ్లండి.

ప్రయాణికులూ ఊరుకోకండి. 2022 జనవరి 1 నుంచి ప్రతి హోటల్ బిల్లు మీదా 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండి తీరాలి. లేకపోతే అడగండి. ఉంటే బిల్లు పారేయకుండా, ప్లేటునూ బిల్లునూ ఫోటో తీసి ‘ఫుడ్ సేఫ్టీ కనెక్ట్’ యాప్‌లో ఫిర్యాదు చేయండి, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. ఊరు చేరాక చూద్దాంలే అనుకోకండి. మీ వెనక వస్తున్న బస్సు కూడా అదే హోటల్ దగ్గర ఆగుతుంది.