మాస్కు కింద దేవుని స్వరూపం

మహారాష్ట్రలో మాస్కు నిబంధన 2022 ఏప్రిల్ 2న, గుడీ పాడ్వా రోజుతో పోయింది. కానీ దాని గురించిన వాదన పోలేదు. భద్రావతిలో మన తెలుగు యువజనుల కూడికలో ఒక తమ్ముడు ఫోనులో వీడియో చూపించి అడిగాడు: "అన్నా, అమెరికాలో ఒక క్రైస్తవ బడి మాస్కు వద్దని కోర్టుకెళ్ళింది. దేవుని స్వరూపాన్ని గుడ్డతో కప్పకూడదన్నారు. మనమేమో నోరు మూసుకుని కట్టుకున్నాం. మనకు విశ్వాసం తక్కువా?"

నవ్వి వదిలేసే ప్రశ్న కాదిది. జరిగిందేమిటో ముందు చెప్పుకుందాం. మిషిగన్ రాష్ట్ర రాజధాని లాన్సింగ్‌లో రిసరెక్షన్ స్కూల్ అనే కేథలిక్ బడి ఉంది. అయిదేళ్ళు దాటిన పిల్లలు తరగతి గదిలో కూడా మాస్కు పెట్టుకోవాలని 2020 అక్టోబరులో రాష్ట్ర ఆరోగ్య శాఖ ఆదేశించింది. బడి, కొందరు తల్లిదండ్రులు కలిసి దావా వేశారు. మనిషి దేవుని స్వరూపంలో చేయబడ్డాడు, ఆ స్వరూపం ముఖంలో కనబడుతుంది, దాన్ని మాస్కు దాచేస్తుంది అన్నది వాళ్ళ వాదనల్లో ఒకటి. కింది కోర్టు ఒప్పుకోలేదు. 2021 ఆగస్టులో అప్పీలు కోర్టు ధర్మాసనం కూడా, ఈ నియమం ప్రభుత్వ బడికీ ప్రైవేటు బడికీ మత బడికీ ఒకటే, మతం మీద గురిపెట్టింది కాదు అంది. చివరికి 2022 మే నెలలో అదే కోర్టు పూర్తి ధర్మాసనం, ఆదేశమే రద్దయిపోయింది కనుక ఇక తేల్చడానికేమీ లేదని అప్పీలును ముగించింది. వీడియోలో ఇదంతా లేదు.

కోర్టు సంగతి అలా ఉంచి వాక్యం దగ్గరికి వద్దాం. ఆదికాండము 1:27 మనకు ప్రాణం. దళితుడిని ఊరి చివర నిలబెట్టిన దేశంలో మన తాతలకు తల ఎత్తడం నేర్పిన మాట అది. అలాంటి మాటను ముక్కు, నోరు, గడ్డం దగ్గరికి కుదించడం మాకు మింగుడు పడదు. భద్రావతి పక్క తాలూకా వరోరా. అక్కడ ఆనందవనం ఉంది. బాబా ఆమ్టే 1949లో మహారోగి సేవా సమితి పెట్టి కుష్ఠు రోగులతో కట్టిన ఊరు అది. రోగం తినేసిన ముఖాల్లో దేవుని స్వరూపం లేదని ఎవరైనా అనగలరా?

లేవీయకాండము 13:45-46 చూడండి. కుష్ఠు రోగి తన పై పెదవి కప్పుకుని, అపవిత్రుడనని కేకవేస్తూ పాళెము వెలుపల ఉండాలి. అక్కడ రోగి ఒక్కడే నోరు కప్పుకున్నాడు, వెలి అయ్యాడు. కరోనా కాలంలో ఆరోగ్యంగా ఉన్నవాళ్ళం కూడా కప్పుకున్నాం, ఎవరినీ వెలివేయకుండా అందరం ఒకచోట కూర్చోగలగడానికి. ఆ గుడ్డలో విశ్వాసానికి వచ్చిన లోటేమిటో మాకు తోచదు. మాజ్రీ బొగ్గు గనుల దారిలో బండి నడిపే మన అన్నలు ఏళ్ళ తరబడి ముఖానికి రుమాలు కట్టుకుంటున్నారు. దానికెవరూ వాక్యం వెతకలేదు.

ఆ బడి మాటల్లో నిజం బొత్తిగా లేదని కాదు. చిన్నపిల్లలు అక్షరం నేర్చేది టీచరు పెదవులు చూసి. వినబడని పిల్లకు ఆ పెదవులే చెవులు. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో ఇంగ్లీషు మధ్య నలిగే మన పిల్లలకు ముఖం కనబడడం ఇంకా అవసరం. ఆ మాటే గట్టిగా అడిగి ఉంటే మేమూ పక్కన నిలబడేవాళ్ళం.

మన సంగతికొస్తే, మన పిల్లలకు మాస్కు కాదు, బడే లేకుండా పోయింది. 2020 మార్చిలో మూతపడ్డ బడులు మహారాష్ట్ర పల్లెల్లో ఒకటి నుంచి నాలుగు తరగతులకు 2021 డిసెంబరు 1న గాని తెరవలేదు. జనవరిలో మళ్ళీ మూశారు. 2020 జూన్‌లో ఒకటో తరగతిలో చేరాల్సిన పాప, రెండో తరగతి సగంలో మొదటిసారి బెంచీ మీద కూర్చుంది. ఇంటికొకటే ఫోను, దాన్ని నాన్న షిఫ్టుకు తీసుకెళ్ళేవాడు. క్రైస్తవ యాజమాన్యాల బడుల నుంచి కూడా ఆ ఫోనుకు పాఠం లింకు వచ్చింది, ఫీజు మెసేజీ కూడా వచ్చింది. ఆ పాపలో దేవుని స్వరూపం మసకబారుతోందని మన సంఘాల్లో ఎన్ని ఉపవాస ప్రార్థనలు పెట్టాం? ఎంతమంది కలెక్టరుకు అర్జీ ఇచ్చాం?

ఆ తమ్ముడికి ఇంకొకటి కూడా చెప్పాం. లాన్సింగ్ బడి కోర్టుకెళ్ళిన ఆ 2020 అక్టోబరులోనే, 8వ తేదీన, రాంచీలో ఫాదర్ స్టాన్ స్వామిని ఎన్ఐఏ అరెస్టు చేసింది. జార్ఖండ్ ఆదివాసుల కోసం పనిచేసిన జెస్విట్ గురువు. మన రాష్ట్రంలోని తలోజా జైలులో పెట్టారు. పార్కిన్సన్స్‌తో చేతులు వణికి గ్లాసు పట్టుకోలేక, తాగడానికి ఒక స్ట్రా, సిప్పర్ కావాలని అడగాల్సి వచ్చింది. బెయిలు రాలేదు. ఆస్పత్రిలో చేర్చాక కరోనా ఉందని తేలింది. 2021 జూలై 5న, 84 ఏళ్ళ వయసులో, ముంబయిలో కన్నుమూశాడు.

తమ్ముడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ మాస్కు వీడియోను అప్పటికే నాలుగు గ్రూపులకు పంపాడట. స్టాన్ స్వామి పేరు మాత్రం ఆ రోజే మొదటిసారి విన్నానన్నాడు.