పలకని పిల్లోడికి మాట లేదని ఎవరు తేల్చారు?



సెలవులకి ఊరెళ్ళినప్పుడు చూసింది రాస్తున్నాం. పొడుగైనా చివరిదాకా చదవండి.

మా కోయగూడెంలో మూడున్నరేళ్ళ బాబు ఉన్నాడు. నోటెంట వచ్చే మాటలు నాలుగైదు, అవీ కోయలోనే. ఓ క్యాంపుకొచ్చినవాళ్ళు బొమ్మల కార్డు చూపించి తెలుగులో "ఇదేంటి, చెప్పు" అన్నారు. వాడు తల్లి కొంగు వెనక్కి దూరాడు. నీళ్ళ గ్లాసు బొమ్మకి మాత్రం "ఏర్" అన్నాడు. కోయలో ఏర్ అంటే నీళ్ళే. వాళ్ళకి అది తెలుగు ఏరులా వినబడింది, తప్పని కొట్టేశారు. "మాటలు లేవు, బుద్ధిమాంద్యం అనుమానం" అని రాసి వెళ్ళిపోయారు. పది నిమిషాలు కూడా పట్టలేదు.

అడిగినవాళ్ళకి కోయ రాదు, పిల్లోడికి తెలుగు రాదు. మరి ఇందులో ఫెయిలైంది ఎవరు?

అదే బాబు ఇంట్లో ఆకలైతే తల్లి చెయ్యి పట్టుకుని పొయ్యి దగ్గరికి లాక్కెళ్తాడు. వద్దనుకుంటే గిన్నె నెట్టేస్తాడు. గద్ద కోడిపిల్లని ఎత్తుకుపోతే పైకి వేలు చూపించి, తల్లి మొహంలోకి చూసి, మళ్ళీ పైకి చూస్తాడు. అడగడం, వద్దనడం, తను చూసింది ఇంకొకరికి చూపించడం. ఇదంతా చెప్పడం కాదా? మాటలు తక్కువున్న పిల్లల కోసం 'కమ్యూనికేషన్ మ్యాట్రిక్స్' అనే కొలత ఉంది. పిల్లలు వద్దనడానికి, కావాలనడానికి, మనుషులతో కలవడానికి, ఏదైనా తెలపడానికి, తెలుసుకోవడానికి ఏం చేస్తున్నారో అది చూస్తుంది. చూపు, సైగ, శబ్దం, ఒంటి కదలిక అన్నీ లెక్కలోకొస్తాయి. తల్లికి తెలిసింది కూడా.

దీనికి తిరగేసిన అన్యాయం ఇంకోటుంది. "ఏజెన్సీ పిల్లలు అంతేలే, బడికెళ్తే వాళ్ళే మాట్లాడతారు" అని పంపేస్తారు. వాళ్ళలో చెవి వినబడని పిల్ల ఉంటే? భాష పట్టుబడే తొలి ఏళ్ళు పోతే తిరిగి రావు. మా బాబుకి ఇప్పటిదాకా చెవి పరీక్షే చెయ్యలేదు. వాడికి నిజంగా సమస్య ఉందో లేదో మాకూ తెలీదు. తెలియాల్సిన పరీక్ష జరగకుండానే ముద్ర పడిపోయింది. మా కోపం అక్కడే.

మనమూ తక్కువేం తినలేదు. "మూగోడా" అని పిలుస్తాం, ఆ పేరే ఉండిపోద్ది. "వాళ్ళ మామకీ ఐదేళ్ళకే మాటలొచ్చాయి" అని ఏళ్ళు గడిపేస్తాం.

భాష తెలిసినోళ్ళు దొరకరని చెప్తే నమ్మొద్దు. 2004 ప్రాంతంలోనే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కోయ, గోండి, కొలామి, కువి, సవరతో కలిపి ఎనిమిది భాషల్లో బడి పాఠాలు మొదలుపెట్టారు. పాఠానికి పనికొచ్చిన భాష పరీక్షకి పనికిరాదా?

మనం అడగాల్సినవి ఇవి:

1. ముందు చెవి పరీక్ష. ఆ తర్వాతే మిగతావి.
2. ఇంటి భాష వచ్చిన మనిషి పక్కన ఉండాలి. ఊళ్ళోని ఆశా కార్యకర్త అయినా, అంగన్‌వాడీ ఆయా అయినా సరే.
3. తల్లిని, నాయనమ్మని అడగాలి. ఆడుకుంటుండగా చూడాలి, ఒక్కరోజుతో తేల్చెయ్యకూడదు.
4. పిల్లోడికి రానిదే కాదు, ఏం చేస్తున్నాడో కూడా రాయాలి.

ఇది ఎవరి దయా కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో వినికిడి లోపం, మాట-భాష వైకల్యం రెండూ ఉన్నాయి. పుట్టిన దగ్గర్నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని పరీక్షించే జాతీయ కార్యక్రమం 2013 నుంచే ఉంది. ఎదుగుదల ఆలస్యాలు కూడా దాని పనే.

ఈ దసరా సెలవులకి ఊరెళ్తాం కదా. పరీక్షకి వచ్చినప్పుడు ఆ తల్లి పక్కన కూర్చుందాం, అటు మాట ఇటు చెప్దాం. తల్లి ఒప్పుకుంటే పిల్లోడు ఇంట్లో ఎలా చెప్తాడో ఫోన్‌లో తీసి డాక్టరుకి చూపిద్దాం. గ్రూపుల్లో మాత్రం పెట్టొద్దు. మనం తెలుగు నేర్చుకుని కాలేజీదాకా వచ్చాం. ఆ తెలుగు ముందు ఈ పిల్లలకి ఉపయోగపడాలి.

జోహార్.