బతికాడు సరే, మందు వల్లేనా?

2021 ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్‌, విజయవాడ, విశాఖ అన్న తేడా లేకుండా ఫోన్లన్నిటిలో ఒకటే మెసేజ్. ప్లాస్మా కావాలి, ఫలానా గ్రూపు, అర్జెంట్. కొడుకులు, అల్లుళ్లు, అన్నదమ్ములు రాత్రంతా ముక్కూమొహం తెలియని దాతల్ని బతిమాలారు. ఆక్సిజన్ కోసమో పడక కోసమో తిరగాల్సిన గంటలు ఆ వెతుకులాటలో కరిగిపోయాయి. కోవిడ్ నుంచి కోలుకున్నవాళ్ల రక్తం నుంచి తీసే ఆ ప్లాస్మాతో ప్రయోజనం కనబడలేదని మన దేశంలో జరిగిన పరీక్షే ఆరు నెలల ముందు చెప్పింది. వాళ్లకి ఆ మాట ఎవరూ చెప్పలేదు.

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 ఏప్రిల్ నుంచి జులై దాకా 39 ఆసుపత్రుల్లో 464 మంది కోవిడ్ రోగులతో ఆ పరీక్ష నడిపింది. ప్లాస్మా ఎవరికి ఎక్కించాలో డాక్టరు తేల్చలేదు, రోగి కోరుకోలేదు. లాటరీ పద్ధతిలో తేల్చారు. ఎక్కించిన 235 మందిలో 44 మందికి జబ్బు ముదిరింది, లేదా ప్రాణం పోయింది. ఎక్కించని 229 మందిలో 41 మందికి అదే గతి పట్టింది. అటు 19 శాతం, ఇటు 18 శాతం. 2020 అక్టోబరులో బీఎంజే పత్రిక ఈ ఫలితాలు అచ్చువేసింది. జాతీయ చికిత్సా మార్గదర్శకాల్లోంచి ప్లాస్మాను తీసేసింది మాత్రం 2021 మే 17న. ఏడు నెలలు! మన డాక్టర్లు మన రోగులతో చేసి తేల్చిన సత్యాన్ని ఏడు నెలలు మూలన పడేశారు. దీన్ని పొరపాటు అని నేను అనను. బాధ్యత మరిచిన నేరం అంటాను.

ఎందుకు జరిగింది? "ప్లాస్మా ఎక్కించారు, కోలుకున్నాడు" అన్న ఒక్క మాట పరీక్షలన్నిటినీ మింగేసింది కాబట్టి. కోవిడ్ సోకినవాళ్లలో అత్యధికులు ఏ ప్లాస్మా లేకుండానే కోలుకున్నారు. ఎక్కించాక కోలుకున్నవాడు ఎక్కించకపోయినా కోలుకునేవాడా అన్నదే అసలు ప్రశ్న. దాన్ని అడగకుండా తీర్పు చెప్పడమంటే, తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదనుకున్న ముసలమ్మ లెక్కే. పైగా ప్లాస్మా ఎవరికి దొరికింది? డబ్బూ పరిచయాలూ పెద్దాసుపత్రిలో పడకా ఉన్నవాళ్లకి. వాళ్లు బతికితే ఘనత ప్లాస్మాది. పోతే మాత్రం "ఆలస్యమైంది" అన్నారు. గెలుపు మాత్రమే లెక్కకొచ్చే చోట ఏ మందైనా దివ్యౌషధమే.

ఈ మోసం ఎంత లోతుగా ఉంటుందో 1980లో అమెరికా పరిశోధకులు బయటపెట్టారు. గుండెపోటు వచ్చిన మగవాళ్లకి క్లోఫైబ్రేట్ అనే మందు ఇచ్చి చూశారు. తప్పకుండా మాత్రలు వేసుకున్నవాళ్లలో అయిదేళ్లలో చనిపోయింది 15 శాతం. సరిగా వేసుకోనివాళ్లలో దాదాపు 25 శాతం. అక్కడితో ఆగితే మందు ప్రాణాలు కాపాడిందని రాసేయొచ్చు. వాళ్లు ఆగలేదు. మందే లేని ఉత్తుత్తి మాత్రలు ఇచ్చిన గుంపునీ అలాగే విడగొట్టి చూశారు. ఆ ఉత్తుత్తి మాత్రని క్రమం తప్పక మింగినవాళ్లలో 15 శాతం, సరిగా మింగనివాళ్లలో దాదాపు 28 శాతం చనిపోయారు! మాత్రలో ఏమీ లేదు. తేడా అంతా మింగిన మనిషిలో ఉంది. ఫలానా టానిక్ తాగేవాళ్లకి గుండె జబ్బు తక్కువ, ఫలానా విత్తనాలు తినేవాళ్లకి షుగర్ తక్కువ అని రోజూ పత్రికల్లో రాసేవాళ్లు, టీవీల్లో చెప్పేవాళ్లు ఈ రెండు అంకెల్నీ గోడకి అంటించుకోవాలి.

తింటే నష్టమేముంది అంటారా? నష్టం శవాల లెక్కలో ఉంది. గుండెపోటు నుంచి బయటపడ్డవాళ్లలో గుండె లయ తప్పి అదనంగా కొట్టుకునేవాళ్లు హఠాత్తుగా చనిపోవడం ఎక్కువని డాక్టర్లు గమనించారు. గమనించింది నిజమే. అయితే లయ సరిచేస్తే చావు తప్పుతుందని పరీక్షించకుండానే నమ్మి, ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ అనే మందులు విరివిగా రాశారు. చివరికి పరీక్ష పెట్టారు. 1989లో ఆ రెండు మందులనూ మధ్యలోనే ఆపాల్సి వచ్చింది. ఆ మందులు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు. ఉత్తుత్తి మాత్ర వేసుకున్న 743 మందిలో 26 మంది. లయ కుదిరింది, మనుషులు పోయారు. ఆ డాక్టర్లు దుర్మార్గులు కారు. రెండు విషయాలు కలిసి కనబడగానే ఒకటి రెండోదానికి కారణమని నమ్మారు, అంతే.

ప్రాణం పోతుంటే పరీక్షలంటూ కూర్చోవాలా అని అడిగేవాళ్లకి జవాబు బ్రిటన్ ఇచ్చింది. కోవిడ్ ఉధృతిలోనే రికవరీ అనే పరీక్ష మొదలుపెట్టి, చవకైన పాత స్టెరాయిడ్ డెక్సామెథసోన్ వెంటిలేటర్ మీదున్నవాళ్ల మరణాలను మూడో వంతు తగ్గిస్తుందని 2020 జూన్‌కల్లా తేల్చారు. అదే పరీక్షలో పదకొండు వేలకు పైగా రోగులతో ప్లాస్మానూ చూశారు. ఎక్కించినా, ఎక్కించకపోయినా మరణాలు 24 శాతమే. ప్రాణాలు కాపాడింది తొందరపాటు కాదు, ఆ పరీక్షే.

కలిసి కనబడినంత మాత్రాన కారణం కాదన్న ఈ వాదనని దొంగలూ వాడుకున్నారు, అదీ చెప్పాలి. 1950లో బ్రిటన్ పరిశోధకులు డాల్, హిల్ సిగరెట్‌కీ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కీ ఉన్న లంకె చూపించాక, రుజువేదీ అంటూ సిగరెట్ కంపెనీలు దశాబ్దాలు సాగదీశాయి. మనుషుల చేత లాటరీ వేసి సిగరెట్లు తాగించలేం, నిజమే. కానీ ఎక్కువ తాగితే ముప్పు ఎక్కువ, మానేస్తే తక్కువ, ఏ దేశంలో చూసినా అదే ఫలితం. సాక్ష్యాన్ని అలా అన్ని వైపుల నుంచీ బిగించి కారణమని నిలబెట్టారు. ఒక్క సర్వేతో మందు అమ్మేవాడూ, వంద సర్వేలున్నా చాలవనేవాడూ ఇద్దరూ ప్రజల ప్రాణాలతో వ్యాపారం చేసేవాళ్లే.

ఆరోగ్య పేజీల సంపాదకులారా, పోల్చిన రెండో గుంపు ఎవరో చెప్పలేని వార్త వేయకండి. ఎన్ని వేలమందిలో ఎందరికి మేలు జరిగిందో రాయకుండా శాతాలు మాత్రమే రాయకండి. డాక్టర్లూ, మీ వార్డులో కోలుకున్నవాళ్ల జ్ఞాపకాన్ని సాక్ష్యమని చీటీ మీద రాయకండి. ప్రభుత్వమా, మా రోగులతో చేసిన పరీక్ష ఫలితం నెలలోపు మా చికిత్సలోకి రావాలి. రోగి బంధువులారా, ఖరీదైన మందు తెమ్మన్న ప్రతిచోటా అడగండి: ఇది ఇవ్వనివాళ్లతో పోల్చి చూశారా? జవాబు రాకపోతే మళ్లీ అడగండి. ఆ ప్రశ్న అడగడం మీ హక్కు. జవాబు చెప్పడం వాళ్ల బాధ్యత.