సర్దుకుపోయే పదార్థం

వైద్య పరిశోధనలో ‘బయోకంపాటబిలిటీ’ అని ఒక మాట ఉంది. ఒంట్లో పెట్టిన లోహమో ప్లాస్టిక్కో ఆ ఒంటిని రెచ్చగొట్టకుండా తన పని తాను చేసుకుపోవడం. ‘జీవ అనుకూలత’ అని తెలుగు చెయ్యొచ్చు. నేనైతే ‘సర్దుకుపోవడం’ అంటాను. అప్పగింతలనాడు మనందరికీ చెప్పి పంపిన మాటే కదా!

ఉద్దానం కిడ్నీ జబ్బు మీద నేను చదివిన కథల్లో, కవితల్లో కొబ్బరితోటలున్నాయి, నీటి మీద అనుమానాలున్నాయి, మంచాన పడ్డ మగవాడు, పక్కన ఏడుస్తూ భార్య ఉన్నారు. ఆ మంచం మీద ఆమెని మాత్రం చూడం. 2019లో అచ్చయిన ఒక అధ్యయనం అక్కడ 2,210 మందిని పరీక్షించి, 18 శాతం పైగా మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉందని తేల్చింది. మగవాళ్లకి మాత్రమే వచ్చే జబ్బు కాదిది.

డయాలసిస్ చరిత్ర సగం పదార్థాల చరిత్రే. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే వైద్యుడు రోగి చేతిలోని ధమనికీ సిరకీ మధ్య టెఫ్లాన్ గొట్టం అమర్చాడు. దేనికీ అంటుకోదు కనుక నెత్తురు గడ్డకట్టదని. మన దోశపెనం మీది టెఫ్లానే! యంత్రాలు తక్కువై, ఎవరు బతకాలో తేల్చడానికి ఒక కమిటీ వేశారు. ఏడుగురిలో ఒక్కతే స్త్రీ. ఆమె హోదా ‘గృహిణి’. రోగి సంపాదన, చర్చికి వెళ్లడం కూడా అక్కడ తూకానికొచ్చాయని 1962లో లైఫ్ పత్రికలో రాసింది షానా అలెగ్జాండర్ అనే పాత్రికేయురాలు.

1966లో ఫిస్టులా వచ్చింది. రోగి సొంత సిరనే ధమనికి కలిపి కుట్టడం. పరాయి పదార్థమే అక్కర్లేదు. కానీ ఆడవాళ్ల సిరలు సాధారణంగా సన్నం. ఫిస్టులా త్వరగా పక్వానికి రాదు, కొందరికి అసలు రాదు. అప్పుడు మెడ దగ్గర గొట్టమే గతి. దాంతో ఇన్‌ఫెక్షన్ల భయం. ఫిస్టులా నిలిచినా ఆ చేత్తో బరువెత్తకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు. ఈ జాగ్రత్తలు విని కవిటి వైపు ఒకామె నాతో నవ్వుతూ అంది: “బరువెత్తొద్దంటే బిందెలు ఎవులు తెస్తారమ్మా?” ఏ ప్రయోగశాలలోనూ ఈ పరీక్ష పెట్టరు.

ఇక మార్పిడి. 1995 నుంచి 2021 దాకా దేశంలో జరిగిన 36,640 అవయవ మార్పిడుల్లో స్త్రీలకి అందినవి 6,945. బతికుండగా ఇచ్చేవాళ్లలో మాత్రం అత్యధికులు స్త్రీలే, ముఖ్యంగా తల్లులూ భార్యలూ. 1994 చట్టం భార్యాభర్తలిద్దరినీ ‘దగ్గరి బంధువు’లనే అంది. ఆచరణలో ఆమె మూత్రపిండం సరిపోతే త్యాగం, అతనిది సరిపోతే “సంపాదించేవాడు కదా, ఎలా?” ఈ దేశంలో అన్నిటికన్నా బయోకంపాటబుల్ పదార్థం ఆడది.

ఇష్టపడే ఇస్తున్నారు కదా అని ఒక సదస్సులో ఒక పెద్దాయన అన్నారు. ‘వద్దు’ అన్నాక ఏ ఇంట్లో ఉండాలో ఆమెకి చెప్పి, ఆ తర్వాత ఇష్టం గురించి మాట్లాడమనండి. ఇది సైన్సు, సాహిత్యం కాదు అని కూడా అన్నారాయన. శరీర రాజకీయాల మీద పత్రాలు చదివే మనకి మెడలో గొట్టం శరీరం కాదా?

పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో ప్రారంభమైంది. ఎంతమంది స్త్రీలకి ఫిస్టులా వేశారు, ఎంతమంది గొట్టంతోనే ఉండిపోయారు, దాతల్లో ఆడా మగా ఎందరు? ఏటా ఈ లెక్క ప్రకటించమని మన పేర్లతో ఉత్తరం రాద్దాం. రచయిత్రులుగానే రాద్దాం.