వీడ్కోలు ప్రయాణం

'కొత్తొక వింత, పాతొక రోత' అన్నది మనవారి సామెత. మానవ స్వభావంలోని చాపల్యాన్ని ఎత్తిచూపడానికి పుట్టిన ఈ మాటను లోకం క్రమంగా జీవనసూత్రంగానే స్వీకరించింది. కొత్త బస్సు వచ్చిననాడు పసుపుకుంకుమలు పెట్టి, పూలదండ వేసి, కొబ్బరికాయ కొట్టి స్వాగతం పలుకుతారు. ఏళ్ల తరబడి ఊరిని మోసిన పాత బస్సు మాత్రం ఒకనాటి రాత్రి డిపోకు చేరి, మరునాడు బయటికి రాదు. దాని కడపటి ప్రయాణం ఏదో అందులో కూర్చున్నవారికి సైతం తెలియదు. రాకకు ఇంత వేడుక చేసే సమాజం, పోకకు ఒక్క రోజైనా కేటాయించకపోవడం సమంజసమేనా?

ఇతర నగరాల అనుభవం ఈ ప్రశ్నకు కొంత సమాధానమిస్తుంది. లండన్ నగరంలో 1956లో ప్రవేశించిన 'రూట్‌మాస్టర్' అనే ఎర్రని రెండంతస్తుల బస్సులు 2005 డిసెంబరు 9న నిత్యసేవ నుండి విరమించాయి. వాటికి చివరగా మిగిలిన మార్గం 159వ నంబరుది. ఆ వీడ్కోలు సందర్భంలో, ఔత్సాహికులు భద్రపరచిన పాత బస్సులు అదే దారిలో ప్రయాణికులను ఎక్కించుకొని తిరిగాయి. కడపటి బస్సును చూడడానికి జనం వీధుల్లో బారులు తీరారు. మన దేశంలోనూ ముంబయి నగరం అటువంటి మర్యాదనే పాటించింది. అక్కడ 1937 నుండి నడిచిన రెండంతస్తుల బస్సుల పరంపరలో చివరి డీజిలు బస్సును 2023 సెప్టెంబరు 15న అలంకరించి సాగనంపారు.

తెలుగునేలపై బస్సుకున్న చరిత్ర తక్కువదేమీ కాదు. నిజాం రాష్ట్ర రైల్వేలో ఒక విభాగంగా 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో రోడ్డు రవాణా ప్రారంభమైంది. 1958 జనవరి 11న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థకు అదే పునాది. నాటి అల్బియన్ బస్సు ఒకటి హైదరాబాదులోని బస్ భవన్ ప్రాంగణంలో 'డెక్కన్ క్వీన్' పేరుతో నేటికీ దర్శనమిస్తుంది. దానిని కాపాడినవారు అభినందనీయులు. హైదరాబాదు వీధుల్లో దశాబ్దాల పాటు తిరిగిన రెండంతస్తుల బస్సులు 2000 దశకం తొలి ఏళ్లలో కనుమరుగయ్యాయి. 2023 ఫిబ్రవరిలో విద్యుత్తుతో నడిచే రెండంతస్తుల బస్సులు నగరానికి వచ్చినప్పుడు, పెద్దలు తలచుకున్నది ఆ పాత బస్సులనే.

అయితే వాహనాన్ని నిలబెట్టి చూపడం వేరు, నడిపి చూపడం వేరు. బస్సు ఒక బొమ్మ కాదు. దాని ప్రాణం గమనంలో ఉంది. బరువైన చక్రాన్ని భుజబలంతో తిప్పే డ్రైవరు ఒడుపు, ఇంజను చప్పుడును బట్టి గేరు మార్చే నేర్పు, కిక్కిరిసిన జనంలోనే టికెట్లు చించి, చిల్లర లెక్కపెట్టి, 'రైట్ రైట్' అని కేకవేసే కండక్టరు చాకచక్యం అద్దాల వెనుక ప్రదర్శించగలిగినవి కావు. బండిని కదిలే స్థితిలో ఉంచాలంటే దానిని ఎరిగిన మెకానిక్కు కావాలి. అతడు తన విద్యను మరొకరికి నేర్పాలి. కనుక బస్సును నడిపించడమంటే ఒక పనితనాన్ని తరం నుండి తరానికి అందించడమే.

దీనికి ఆక్షేపణలు లేకపోలేదు. పాత బస్సు పొగ చిమ్ముతుంది. దాని ఎత్తైన మెట్లు వృద్ధులకు, వికలాంగులకు అడ్డంకి. ఇవి కాదనలేని లోపాలు. చక్రాల కుర్చీలో ఉన్నవారు ఎక్కలేని బస్సు ఎంత అందమైనదైనా నిత్యసేవకు తగదు. కానీ ఇక్కడ కోరుతున్నది పాత రోజులను వెనక్కు తేవడం కాదు. ఒక్క రోజు ప్రయాణం ఊరి గాలిని పాడుచేయదు, సంస్థ ఖజానాను ఖాళీ చేయదు.

అసలు చిక్కు నిబంధనల్లో ఉంది. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన కేంద్ర నిబంధన ప్రకారం, పదిహేనేళ్లు నిండిన ప్రభుత్వ రవాణా సంస్థల బస్సులకు రిజిస్ట్రేషన్ చెల్లదు. అవి తుక్కుగా మారవలసిందే. మరోవైపు, యాభై ఏళ్లు దాటిన పురాతన వాహనాలకు ప్రత్యేక గుర్తింపునిస్తూ 2021లో నియమాలు వచ్చాయి. కానీ అవి సొంత వాడకంలోని ద్విచక్ర వాహనాలకూ కార్లకూ ఉద్దేశించినవి. పదిహేనో ఏట తుక్కయ్యే వస్తువు యాభయ్యో ఏట పురావస్తువు ఎలా కాగలదు? ప్రజలందరూ ఎక్కిన బస్సుకు లేని గౌరవం ఒక్కరి ఇంటి కారుకు దక్కడం న్యాయం కాదు. ప్రతి రకపు బస్సులోనూ ఒక్కదానిని వారసత్వ వాహనంగా మినహాయించి, ప్రత్యేక దినాలలో నడిపే వీలు కల్పిస్తే ఈ లోటు తీరుతుంది.

కొత్తగూడెం వంటి పట్టణానికి ఈ విషయం మరింత దగ్గరిది. అక్కడి రైల్వే స్టేషను పేరే 'భద్రాచలం రోడ్'. రాముని దర్శనానికి వెళ్లే భక్తులు అక్కడ రైలు దిగి, సుమారు నలభై కిలోమీటర్లు రోడ్డు మార్గంలో సాగాలి. 1965లో గోదావరిపై వంతెన ప్రారంభమయ్యే వరకు, ఏటి ఒడ్డున వాహనం దిగి పడవ ఎక్కవలసి వచ్చేది. భక్తునికీ బొగ్గుబావి కార్మికునికీ ఒకే సీటులో చోటిచ్చిన బస్సు ఆ ప్రాంతపు సామాజిక చరిత్రలో ఒక అధ్యాయం. ఆ దారిలో ఒక తరం బస్సులు విరమించే రోజున, పదవీ విరమణ చేసిన డ్రైవరును, కండక్టరును పిలిచి, పాత టికెట్ల పెట్టెతో ఒక్క ప్రయాణం చేయించడం అసాధ్యమేమీ కాదు.

బొగ్గు తరిగిపోయే సంపద. ఇల్లందులో 1889లో తవ్వకాలు మొదలయ్యాయి. 1920లో సింగరేణి కాలరీస్ సంస్థ ఏర్పడింది. ఎంత లోతైన గనికైనా ఒకనాటికి చివరి షిఫ్టు తప్పదు. ఆనాడు తట్ట, చెమ్మసు, దీపపు టోపీ కూడా తుక్కులోకే పోతే, చీకటిలో చెమటోడ్చిన తరాల శ్రమకు సాక్ష్యం చెప్పేదేది? పనిముట్టును గౌరవంగా సాగనంపడం తెలిసిన ఊరు, ఆ పనిచేసిన మనిషినీ మరువదు. బస్సుకు చేసే వీడ్కోలు ఆ సంస్కారానికి తొలి పాఠం. నేటి విద్యార్థులు తమ తాతలు ఎక్కిన బస్సుల గురించి, దిగిన గనుల గురించి వారినే అడిగి తెలుసుకొని, రాసిపెట్టుకోవాలి. అందుకు ఏ నిబంధనా అడ్డురాదు, ఏ ఉత్తర్వుకోసమూ ఎదురుచూడనక్కరలేదు.