చంపినోడి పేరు లేని రాయి

‘అమరుడయ్యాడు’ అనే మాట వింటే నాకు ఒళ్లు మంట. చచ్చినోడి మీద గౌరవం లేక కాదు. ఆ మాటలో చచ్చినోడున్నాడు, చంపినోడు లేడు. ‘కాల్పుల్లో మరణించారు’ అన్నా అంతే. తుపాకి తనంతట తనే పేలినట్టుంటుంది. మా పేటలో ఎవరూ అట్లా అనరు. ‘మావోణ్ణి పోలీసోళ్లు చంపారు’ అంటారు. ఆ ఒక్క వాక్యం రాయి మీదికి ఎక్కకుండా చూడటానికే ఈ పెద్ద పెద్ద మాటలన్నీ.

ఇంద్రవెల్లినే చూడండి. 1981 ఏప్రిల్ 20. ఆదిలాబాద్ గోండులు తమ భూముల కోసం సభ పెట్టుకున్నారు. ముందు ఇచ్చిన అనుమతిని తర్వాత రద్దు చేశారు. ఆ కబురు అడవిలో గూడేలకు చేరేదెప్పుడు? సంతకొచ్చినోళ్లూ సభకొచ్చినోళ్లూ ఉన్న జనం మీద పోలీసులు కాల్చారు. సర్కారు లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క 60కి పైనే. ఈ రెండు లెక్కల నడుమ ఉన్నోళ్లు ఎవరి బిడ్డలు? వాళ్లకు పేర్లు లేవా?

అక్కడ కట్టిన స్తూపాన్ని 1986లో కూల్చేశారు. తర్వాత సర్కారే మళ్లీ కట్టించింది. కట్టించి, ఏళ్ల తరబడి ఏప్రిల్ 20 వస్తే చాలు 144 సెక్షన్ పెట్టింది. రాయి నిలబెట్టిందీ వాళ్లే, రాయి దగ్గరికి పోవద్దన్నదీ వాళ్లే. చచ్చినోళ్లకు జడిసే రాజ్యాన్ని ఇంకెక్కడైనా చూశారా? ఇప్పుడు కాలం మారింది. 2024లో ముఖ్యమంత్రే వచ్చి స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. మంచిదే. కానీ నిషేధం పోయి పూలదండ వచ్చినంత మాత్రాన లెక్క తేలదు.

ఏటా అక్టోబరు 21న పోలీసులు తమవాళ్లను తలచుకుంటారు. 1959లో లడఖ్‌లో చైనా సైన్యం చేతిలో చనిపోయిన 10 మంది జ్ఞాపకంగా మొదలైన రోజది. 2018లో ఢిల్లీలో తెరిచిన జాతీయ పోలీసు స్మారకం గోడ మీద 34 వేలకు పైగా పేర్లున్నాయి. నేను తప్పు పట్టను. మా పేటల నుంచి పోయిన కానిస్టేబుళ్లకూ తల్లులున్నారు. నేనడిగేదొకటే. అన్ని వేల పేర్లు చెక్కించిన రాజ్యానికి, తన తూటాకు పడ్డోళ్ల పేర్లు చెప్పడానికి నోరెందుకు రాదు?

ఇక మావాళ్ల సంగతి. 1991 ఆగస్టు 6న చుండూరులో 8 మంది దళితుల్ని అగ్రకులాలోళ్లు చంపారు. మావాళ్లు ఆ శవాల్ని ఊరి నడుమ పూడ్చి, ఆ చోటుకు రక్తక్షేత్రమని పేరు పెట్టారు. బతికినా ఊరవతలే, చచ్చినా ఊరవతలే అన్న మనుధర్మాన్ని అక్కడే పాతిపెట్టారు. మరుసటి నెలలో అదే చుండూరులో అనిల్ కుమార్‌ని పోలీసులు కాల్చి చంపారు. కత్తి ఒకరిది, తుపాకి ఇంకొకరిది. పడ్డ ఒళ్లు మాత్రం మావే. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు ఆ కేసే కొట్టేసింది. కోర్టు కాగితం కొట్టేస్తే పోతుంది. ఆ మట్టిని కొట్టేయడం ఎవరి తరం? అందుకే మాకు స్మారకం అలంకారం కాదు, సాక్ష్యం.

మన సంఘాలోళ్లకూ ఒక మాట. స్తూపం మీద జెండా గుర్తు బారెడు, చచ్చినోడి పేరు బెత్తెడు! ఆగస్టు ఆరున దండలేసే మీరు ఆ సెప్టెంబరు తూటాను ఎందుకు మరుస్తారు? దొరల కత్తిని తిట్టినంత గట్టిగా సర్కారు తుపాకిని తిట్టండి.

రాయి కట్టేదెవరైనా సరే, దాని మీద మనిషి పేరు రాయండి. తండ్రి పేరు, తల్లి పేరు రాయండి. ఊరు, పేట, గూడెం రాయండి. ఏ తేదీన, ఏం అడిగినందుకు చంపారో రాయండి. చివర్న పోలీసులు చంపారని రాయండి. అది రాయడానికి చెయ్యి రాకపోతే ఆ రాయి మాకొద్దు. మట్టి చాలు.