మినహాయింపు హక్కు కాదు

తమిళనాడులో పదో తరగతి చదివే భాషా అల్పసంఖ్యాక విద్యార్థులకు తమిళ పరీక్ష నుండి ఇచ్చిన మినహాయింపును సుప్రీంకోర్టు 2023 ఫిబ్రవరిలో ఒక ఏడాదికి పొడిగించింది. అంతకు ముందు 2016లోనూ, 2019లోనూ మద్రాసు హైకోర్టు ఇటువంటి ఊరటనే కలిగించింది. ప్రతిసారీ మనం సంతోషించాం. కాని కోయంబత్తూరు, మదురైలలోని పాత తెలుగు కుటుంబాలకు ఆ ఉత్తర్వుల వల్ల ఒరిగింది తక్కువ. తమిళానికి బదులు తెలుగు పరీక్ష రాయాలంటే ముందు తెలుగు చదవడం, రాయడం రావాలి కదా!

విజయనగర కాలంలోనూ, మదురై నాయక రాజుల ఏలుబడిలోనూ వచ్చి స్థిరపడిన కుటుంబాలు వీరిలో చాలా ఉన్నాయి. తరాలు గడిచినా ఇంట్లో తెలుగు నిలిచింది; బడిలో నిలవలేదు. 2011 జనగణనలో తమిళనాడులో తెలుగును మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు దాదాపు 42 లక్షలు. వారిలో తెలుగు అక్షరం తెలిసినవారెందరో జనగణన చెప్పదు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏటా ఒక్కో తరగతి చొప్పున పైకి సాగి పదో తరగతిని చేరింది. తమిళం మొదటి భాగంలో తప్పనిసరి అయింది. ఇతర మాతృభాషలకు ఐచ్ఛికంగా చివరి భాగంలో చోటు దక్కింది. రాష్ట్ర భాషను తప్పనిసరి చేసే అధికారం ప్రభుత్వానికి ఉందని, మహారాష్ట్రలోని గుజరాతీ విద్యాసంస్థల వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. ఆ తీర్పును దాచి వాదించడం న్యాయవాదికి తగదు. తమిళం నేర్వవద్దన్నది మన వాదం కాదు. తమిళం నేర్చే పిల్లకు తెలుగు కూడా నేర్పమంటున్నాం.

ఈ కోరికకు ఆధారం ఏది? రాజ్యాంగంలోని 30వ అధికరణం అల్పసంఖ్యాకులకు విద్యాసంస్థలు నెలకొల్పి నడుపుకొనే హక్కునిచ్చింది. అందుచేత బడి ఉన్నచోట న్యాయస్థానం మెట్లెక్కేవారుంటారు. బడి లేనిచోట 350-ఎ అధికరణమే దిక్కు. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని అది చెబుతుంది. ‘ప్రయత్నించాలి’ అన్న మాట ‘తీరాలి’ అన్నంత గట్టిది కాదు. పిల్లల మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులేనని 2014లో కర్ణాటక వ్యాజ్యంలో రాజ్యాంగ ధర్మాసనం స్పష్టం చేసింది. అయితే మాతృభాషా మాధ్యమాన్ని ప్రభుత్వం బలవంతంగా రుద్దరాదన్నది కూడా ఆ తీర్పే. అంటే ఎంపిక మన చేతిలోనే ఉంది. మనం ఎంచుకోకపోతే మనకోసం ఎంచుకునేవారెవరూ లేరు.

బడిలో 40 మంది గాని, తరగతిలో 10 మంది గాని అల్పసంఖ్యాక భాషా పిల్లలుంటే ఆ భాషలో బోధించడానికి కనీసం ఒక ఉపాధ్యాయుడిని నియమించాలని 1949 ఆగస్టులో విద్యామంత్రుల సమావేశం అంగీకరించింది. ఆ లెక్క తేలేది ప్రవేశ దరఖాస్తులోని ‘మాతృభాష’ గడిలో. అక్కడే మనవారు అలవాటుగా ‘తమిళం’ అని రాస్తున్నారు. గుమాస్తా అలా రాసినా అభ్యంతరం చెప్పడం లేదు. కాగితం మీద తెలుగు పిల్ల లేనప్పుడు తెలుగు పంతులు ఎందుకని అధికారి అడిగితే ఏ న్యాయవాది మాత్రం ఏమని బదులిస్తాడు?

రాబోయే విద్యా సంవత్సరానికి తల్లిదండ్రులు చేయవలసినవి మూడు పనులు. ఆ గడిలో ‘తెలుగు’ అని రాయించండి. పదిమంది కలిసి తెలుగు పంతులు కావాలని జిల్లా విద్యాధికారికి అర్జీ పెట్టి, అందినట్లు రసీదు తీసుకోండి. బదులు రాకపోతే దాని నకలును భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్‌కు పంపండి. రేపు న్యాయస్థానంలో నిలబడేవి ఆ కాగితాలే.

రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అర్జీ పెట్టుకోవచ్చని 350వ అధికరణం చెబుతోంది. వీలైతే తెలుగులోనే రాయండి. రాయడం రాకపోతే సిగ్గుపడవలసిన పని లేదు; తమిళంలోనే రాయండి. మీకు దక్కని అక్షరాన్ని మీ పిల్లలకైనా నేర్పమని అందులో అడగండి.